గంట ఊరేగింపు కాగానే ఆగిపోతున్న 1964 ఇంపాలా: పెట్రోలు లోపమా, కరెంటు లోపమా?

గోదారిగట్టు (అమలాపురం)

అందరికీ నమస్కారమండి. బండి 1964 షెవర్లే ఇంపాలా. 283 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిను, రెండు నోళ్ళ రోచెస్టర్ కార్బురేటర్, పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ గేరు. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వరసగా కరెంటు పంచేది) పాయింట్లదే, అంటే కాయిల్ కరెంటుని తెరిచి మూసే చిన్న స్విచ్‌లాంటి జంటతో నడిచేదే, ఎలక్ట్రానిక్‌కి మార్చలేదు. కోనసీమలో పెళ్ళిళ్ళకి తిరుగుతుంది.

పొద్దున్న ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. ఊరేగింపులో బ్యాండు మేళం వెనకాల నడక వేగంతో ముప్పావుగంటో గంటో వెళ్ళాక ఇంజిను కుంటడం మొదలుపెట్టి ఆగిపోతుంది. అరగంట దాకా ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు. చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. రావులపాలెం దాటి సిద్ధాంతం వంతెన ఎక్కేటప్పుడు రేసు ఇస్తే ఒక్క క్షణం చచ్చిపడి, కార్బురేటర్‌లోంచి టప్పుమని తుమ్ముతుంది. పాయింట్లు నెలకోసారి కాలిపోతున్నాయి. ఒకట్రెండుసార్లు టెంపరేచర్ ఎర్ర దీపం కూడా వెలిగింది.

ఇప్పటిదాకా మార్చినవి: ప్లగ్గులు, కండెన్సర్, కాయిల్ (రవ్వకి ఎక్కువ వోల్టులు తయారుచేసేది, మామూలు 12 వోల్టుల కాయిలే అన్నారు). కార్బురేటర్ రెండుసార్లు కడిగించాం. ఇప్పుడు మేస్త్రి ఇంజిను దింపాలంటున్నాడు. దింపాలంటారా?

పాయింట్‌గ్యాప్ (భీమవరం)

దింపొద్దండి. చల్లారితే మామూలుగా నడిచే ఇంజినుకి రింగులూ బేరింగులూ పోయాయనడానికి ఆధారమే లేదు. తృప్తి కోసమైతే ప్లగ్గులన్నీ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ కొలిపించండి. 150 పీఎస్ఐ చుట్టుపక్కల ఉండి, ఎనిమిదింటి మధ్యా పెద్ద తేడా లేకపోతే ఆ మాట అక్కడితో సరి.

మీరు చెప్పినవి ఒక జబ్బు లక్షణాలు కావు, కనీసం మూడు కలిశాయి. అందుకే ఏ సామాను మార్చినా తగ్గలేదు. ముందు తేలాల్సింది, ఆగిపోయిన ఆ నిమిషంలో లేనిది పెట్రోలా, నిప్పురవ్వా అన్నది. చల్లారాక చూస్తే రెండూ బాగానే కనిపిస్తాయి. కాబట్టి బండి ఆగిన చోటే, పెళ్ళివారు ఎంత కేకలేసినా, రెండు నిమిషాలు ఇలా చేయండి.

ఇగ్నిషన్ ఆపి ఎయిర్ క్లీనర్ మూత తీయండి. చోక్ రేకు తెరిచి పట్టుకుని కార్బురేటర్ గొంతులోకి చూస్తూ, చేత్తో థ్రాటిల్ లీవర్‌ని ఒక్కసారి గట్టిగా లాగండి. యాక్సిలరేటర్ పంపు నుంచి రెండు సన్నటి పెట్రోలు ధారలు, రెండు నోళ్ళలోకీ చెరొకటి, లీవర్ కదిలిన క్షణమే పడాలి. ధార పడితే బౌల్లో, అంటే కార్బురేటర్ గిన్నెలో, పెట్రోలు ఉన్నట్టే, కరెంటు వైపు వెళ్ళండి. పడకపోతే పెట్రోలు రావడంలేదు. ధార పడుతూనే, లాగకుండానే గొంతులో పెట్రోలు కారుతూ ఘాటు వాసన వస్తుంటే మూడో సంగతి: బౌల్లో పెట్రోలు మరిగి ఇంజినుకి గాలి వెళ్ళే మానిఫోల్డులోకి పొంగింది. అప్పుడు పెడల్ని పంపు కొట్టినట్టు కొట్టకండి. నేలకి తొక్కి పట్టి పది సెకన్లు సెల్ఫ్ కొడితే ముక్కుతూ మూలుగుతూ అందుకుంటుంది.

నిప్పురవ్వకి, డిస్ట్రిబ్యూటర్ మూత నడిమి వైరు ఊడదీసి, రబ్బరు పట్టుతో ఇంజిను ఇనుముకి పావు అంగుళం దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. దగ్గర్లో పెట్రోలు ఒలికి ఉంటే ఇది వద్దు. నీలంగా, టక్ టక్‌మని చప్పుడుతో దూకితే మంచి కరెంటు. పసుపుపచ్చగా, దారప్పోగులా ఉంటే కాయిల్, కండెన్సర్, పాయింట్లు ఈ మూడింట్లో ఏదో ఒకటి.

పాయింట్లు నెలకోసారి కాలడానికి మాత్రం ఊరేగింపుతో పనిలేదు, అక్కడికి కరెంటు ఎక్కువ వెళుతోంది. ఈ బండిలో ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్‌కి వెళ్ళే వైరు మామూలు రాగి వైరు కాదండి, రెసిస్టర్ వైరు. పాతబడిందని దాన్ని తీసేసి నేరుగా వైరు లాగేసే మేస్త్రులు చాలామంది. కాయిల్ వైర్లు విప్పి ప్లస్, మైనస్‌ల మధ్య మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవండి. తర్వాత వైర్లు బిగించి, ఇగ్నిషన్ ఆన్ చేసి, పాయింట్లు మూసుకున్న స్థితిలో కాయిల్ ప్లస్ దగ్గర వోల్టులు కొలవండి. అయిదు నుంచి ఏడు మధ్య రావాలి. ఈ రెండు అంకెలు ఇక్కడ పెడితే సగం సంగతి తేలిపోతుంది.

ఉప్పుగాలి (నరసాపురం)

పైవారి మాటకి కలుపుతున్నానండి. ఎర్ర దీపం సంగతి వేరే చూడాలి. ముందుగా ఒక ప్రశ్న: ఊరేగింపుకి గ్రిల్లు మీద బంతిపూల దండలు కడుతున్నారా? మనవాళ్ళు గ్రిల్లంతా పూలతో నింపేసి, నంబరు ప్లేటు మీద కొబ్బరాకు కట్టి, మధ్యలో వధూవరుల పేర్లతో థర్మాకోల్ బోర్డు పెడతారు. వెనక రేడియేటర్‌కి గాలెక్కడిది? నడక వేగంలో వచ్చే గాలంతా ఫ్యాను లాగిందే. పూలు బానెట్ మీదా పక్కలకీ కట్టుకోమనండి, గ్రిల్లు జోలికి రావద్దనండి.

ఫ్యాను చుట్టూ ష్రౌడ్ (గాలిని రేడియేటర్ గుండా లాగించే తొడుగు) ఉందా లేదా చూడండి. లేకపోతే రేకు పనివాడితో చేయించండి. ఫ్యాను రెక్కల వెడల్పులో సగం ష్రౌడ్ లోపల, సగం బయట ఉండాలి. రెక్కల చివరకీ రేకుకీ మధ్య అంగుళం వదలాలి, ఇంజిను ఊగినప్పుడు తగలకుండా.

మేళం ఆగిన ప్రతిసారీ గేరు డ్రైవ్‌లోనే పెట్టి బ్రేకు తొక్కి ఉంచుతున్నారేమో, డ్రైవర్‌ని అడగండి. అలా చేస్తే ఇంజినుకీ గేరుకీ మధ్యనుండే టార్క్ కన్వర్టర్‌లో నూనె కాగుతూనే ఉంటుంది, ఆ వేడి కూడా రేడియేటర్ కింది ట్యాంకులోకే వస్తుంది. ఆగితే న్యూట్రల్‌లో వేసి, కొంచెం రేసు పట్టి నిమిషానికి 1000 తిప్పులకి పైన ఉంచాలి. ఫ్యానూ, వాటర్ పంపూ రెండూ జోరందుకుంటాయి.

రేడియేటర్ లోపల మూసుకుందో లేదో విప్పకుండానే తెలుస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ తెచ్చుకోండి. ఇంజిను బాగా వేడెక్కాక కోర్ మీద ఆ చివర నుంచి ఈ చివరకి నెమ్మదిగా జరుపుతూ అంకెలు చూడండి. వేడి ఒక వరసలో మారుతూ పోవాలి. మధ్యలో అరచేయంత చోటు ఉన్నట్టుండి చల్లగా కనిపిస్తే అక్కడి గొట్టాల్లో నీళ్ళు పారడంలేదు. రేడియేటర్ పనివాడితో ట్యాంకులు విప్పించి, గొట్టాల్లో సన్న కడ్డీ పోనిచ్చి దులిపించాల్సిందే. పైపైన నీళ్ళు కొట్టి కడిగితే ఆ గార ఊడదు. బ్లాకుకి రెండు పక్కలా, ఆయిల్ సంపు పైన ఒక్కో డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది. వాటిని ఎవరూ ముట్టుకోరు. విప్పినా నీళ్ళు రాకపోతే ఆశ్చర్యపోకండి, లోపల తుప్పు మడ్డి గడ్డకట్టి ఉంటుంది. తీగతో పొడిస్తే ఎర్రగా దిగుతుంది.

మళ్ళీ నింపేటప్పుడు కాలవ నీళ్ళూ బోరు నీళ్ళూ వద్దు. మా సముద్రం వైపు బోరు నీళ్ళు మరీ ఉప్పన. డిస్టిల్డ్ వాటర్ ఆరు పాళ్ళు, పాతకాలం ఆకుపచ్చ కూలెంట్ నాలుగు పాళ్ళు చాలు, మనకి గడ్డకట్టే చలి లేదు. మొత్తం పదిహేను పదహారు లీటర్లు పడుతుంది. థర్మోస్టాట్ (ఇంజిను వేడెక్కేదాకా నీళ్ళని ఆపే వాల్వు) తీసేస్తే చల్లగా ఉంటుందని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. థర్మోస్టాట్ ఒకసారి పూర్తిగా తెరుచుకున్నాక అది ఉన్నా లేనట్టే, కాబట్టి తీసినందువల్ల అదనపు చల్లదనం ఏమీ రాదు. 82 డిగ్రీలది వేసి ఉంచండి.

టైమింగ్ (రవ్వ పడే వేళ) వెనకబడినా ఇంజిను నిలకడ మీద కాగిపోతుంది. డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే వాక్యూమ్ గొట్టం ఊడదీసి, చివర మూసి, 500 తిప్పుల దగ్గర పిస్టన్ పైకి చేరడానికి 4 డిగ్రీల ముందు చూపాలి. కానీ ఇంజిను ముందు చివరనుండే బ్యాలన్సర్ చక్రం మీది గీతని గుడ్డిగా నమ్మకండి. అది రెండు ఇనప చక్రాలు, మధ్యన రబ్బరు పట్టీ. అరవయ్యేళ్ళకి రబ్బరు జారి బయటి చక్రం కదిలిపోతే గీత అబద్ధం చెబుతుంది. ఒకటో ప్లగ్ కన్నంలో పిస్టన్ స్టాపర్ బిగించి, ఇంజిన్ని చేత్తో రెండు దిక్కులా తిప్పి, ఆగిన రెండు చోట్లా గుర్తు పెట్టి, వాటి నడిమి బిందువుతో గీత కలుస్తుందో లేదో చూసుకోవాలి. కలవకపోతే బ్యాలన్సర్ మార్చేదాకా కొత్త గీత గీసుకోండి.

వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టాన్ని మానిఫోల్డుకి పెడితే నిలకడ మీద టైమింగ్ ముందుకి జరిగి వేడి తగ్గుతుంది. ఊరేగింపు బండికి నేనైతే అలాగే పెడతాను.

పాయింట్‌గ్యాప్ (భీమవరం)

గొట్టం సంగతిలో నాది కొంచెం వేరే మాటండి. మానిఫోల్డుకి మారిస్తే నిలకడ తిప్పులు పెరుగుతాయి. స్క్రూతో మళ్ళీ తగ్గించుకోకపోతే డ్రైవ్‌లో వేయగానే బండి ముందుకి దూకుతుంది. పెళ్ళి గుంపులో అది ప్రమాదం. మార్చండి, కానీ మార్చిన రోజునే తిప్పులు సరిచేసుకోండి.

గోదారిగట్టు (అమలాపురం)

అంకెలు తెచ్చానండి. కాయిల్ 1.6 ఓమ్‌లు. పాయింట్లు మూసి ఉండగా ప్లస్ దగ్గర 11.9 వోల్టులు. పాత వైరు తీసేసి కొత్త ఎర్ర వైరు నేరుగా లాగి ఉంది. నిన్న ఆగినప్పుడు చూశాం: పెట్రోలు ధార పడింది, రవ్వ పసుప్పచ్చగా ఉంది. కాయిల్ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. పూలు గ్రిల్లు మీదే కడుతున్నారు, ఆ మాట నిజం.

పాయింట్‌గ్యాప్ (భీమవరం)

దొరికింది. అది మామూలు కాయిల్ కాదండి, రెసిస్టర్‌తో వాడాల్సిన కాయిల్. లెక్క చూడండి: ఛార్జింగ్ 13.8 వోల్టులు, దారిలో 1.6 ఓమ్‌లే, అంటే పాయింట్లు మూసుకున్నప్పుడల్లా ఎనిమిది ఆంపియర్లకి పైగా పారుతోంది. పాయింట్లు తట్టుకునేది అందులో సగం. కాయిల్ కాగి, కాగినకొద్దీ రవ్వ పలచబడి, చివరికి ఆగిపోతోంది. చల్లారితే మళ్ళీ మామూలే.

రెండు దారులు. ఒకటి, సెరామిక్ బలాస్ట్ రెసిస్టర్, 1.5 ఓమ్‌ల చుట్టుపక్కలది, ఫైర్‌వాల్ మీద గాలి తగిలే చోట బిగించి, స్విచ్ నుంచి కాయిల్ ప్లస్‌కి వెళ్ళే దారిలో పెట్టడం. అది కాగుతుంది, వైర్ల కట్ట దానికి ఆనకూడదు. దీంతోపాటు సెల్ఫ్ మోటారు సోలనాయిడ్ (దాన్ని కలిపే స్విచ్) మీద ‘ఆర్’ అని ఉన్న చిన్న టెర్మినల్ నుంచి కాయిల్ ప్లస్‌కి ఒక వైరు వెళ్ళాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు మాత్రం పూర్తి వోల్టులు అందడానికి. ఇంజిను అందుకుని, తాళం వదలగానే ఆగిపోతే రెసిస్టర్ దారి తెగిందని గుర్తు. రెండో దారి, అంబాసిడర్‌కి వాడే 3 ఓమ్‌ల కాయిల్ తెచ్చి, ఇప్పుడున్న ఎర్ర వైరుకే బిగించడం. నాలుగున్నర ఆంపియర్ల చుట్టుపక్కలే ఉంటుంది, పాయింట్లు బతుకుతాయి. మన దగ్గర దొరికేదీ, తేలికదీ ఇదే. కానీ 3 ఓమ్‌ల కాయిల్‌కి మళ్ళీ రెసిస్టర్ కూడా కలిపితే రవ్వ నీరసపడుతుంది, ఏదో ఒకటే చేయండి.

కొత్త పాయింట్లు వేశాక గ్యాప్ 0.019 అంగుళం పెట్టి స్టార్ట్ చేయండి. ఈ డిస్ట్రిబ్యూటర్‌లో ఒక సుఖం ఉంది. మూతకి చిన్న రేకు కిటికీ ఉంటుంది. ఇంజిను నడుస్తుండగానే దాన్ని పైకి జరిపి, అంగుళంలో ఎనిమిదో వంతు ఎలెన్ కీ లోపలికి పెట్టి, గడియారం ముల్లు తిరిగే వైపు మెల్లగా తిప్పండి. ఇంజిను మిస్ కొట్టడం మొదలవగానే ఆగి, అర చుట్టు వెనక్కి తిప్పండి. డ్వెల్, అంటే పాయింట్లు మూసుకుని ఉండే కోణం, 30 డిగ్రీల దగ్గర కూర్చుంటుంది. మీటర్ ఉంటే 28 నుంచి 32 లోపు చాలు. టైమింగ్ దీని తర్వాతే పెట్టాలి. డ్వెల్ మారితే టైమింగ్ కూడా జరుగుతుంది కాబట్టి ముందు టైమింగ్, తర్వాత డ్వెల్ చేస్తే పని రెండింతలు.

పాయింట్ల కామ్ మీద బియ్యపుగింజంత గ్రీజు పెట్టడం మరవకండి. మన తేమకి పాయింట్ల మీద సన్నటి పొర కడుతుంది. ఎమిరీ కాగితంతో రుద్దితే దాని రజను అక్కడే దిగబడి కాలుతుంది. శుభలేఖ అట్టముక్క శుభ్రమైనది పాయింట్ల మధ్య పెట్టి లాగితే చాలు, మీ బండికి వాటికి కొదవలేదు కదా.

ఇంకొకటి: ఊరేగింపు సీరియల్ లైట్లూ, మైకూ బండి బ్యాటరీకే తగిలిస్తున్నారా? ఈ బండి ఆల్టర్నేటర్ 37 ఆంపియర్లది, నిలకడ మీద అందులో కొద్ది భాగమే ఇస్తుంది. డెకరేషన్‌కి వేరే బ్యాటరీ డిక్కీలో పెట్టించండి.

బెల్లంపాకం (తణుకు)

కాయిల్ మార్చాక కూడా మే నెలలో మళ్ళీ ఆగుతుందని నా అనుమానమండి. ఈసారి పెట్రోలు ధార పడదు. ఎందుకంటే వంతెన మీద తుమ్ము సంగతి ఇంకా మిగిలే ఉంది, అది పెట్రోలు వైపుదే.

ముందు కుడివైపు ఎగ్జాస్ట్ మానిఫోల్డు కింద, సైలెన్సర్ పైపు కలిసే చోట చూడండి. గుండ్రటి స్ప్రింగూ, బరువు ముక్కా ఉన్న చిన్న వాల్వు ఉంటుంది. హీట్ రైజర్ అంటారు. చలిదేశంలో ఇంజిను త్వరగా వేడెక్కడానికి పెట్టింది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు వేలితో తిప్పితే సులువుగా తిరగాలి. తుప్పు పట్టి మూసుకుని బిగిసిపోతే కాలిన పొగ కార్బురేటర్ కిందుగా ఉన్న దారిలోంచి పోతూ, బౌల్ని పొయ్యి మీది గిన్నెలా కాస్తుంది. రోహిణి కార్తెలో మనకి ఆ వేడి ఎందుకండి? తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, మెల్లగా తట్టి వదులు చేసి, తెరిచిన స్థితిలో తీగతో కట్టేయండి. కార్బురేటర్ కింద పావు అంగుళం మందం వేడి ఆపే ప్యాకింగ్ వేయండి. స్టడ్లు పొట్టివైతే అవి కూడా మార్చాలి. పెట్రోలు పైపు ఇంజినుకి ఆనుకుని పోతున్న చోట రెండు వేళ్ళ ఎడం ఉండేలా వంచండి. పైపుకి బట్టల క్లిప్పులు పెట్టే చిట్కా కొందరు చెబుతారు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఏసీ పంపు, అదే ఇంజిను మీది పెట్రోలు పంపు, సంగతి. కాయిల్ వైరు తీసేసి, కార్బురేటర్ దగ్గర పైపు విప్పి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ముప్పై నలభై సెకన్లలో అర లీటరుకి దగ్గరగా రావాలి. ఒత్తిడి 5 నుంచి 6.5 పీఎస్ఐ. ఆయిల్ గేజ్ కడ్డీ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినట్టున్నా పంపు లోపలి డయాఫ్రం (పలచటి పొర) చిరిగి పెట్రోలు సంపులోకి దిగుతోంది. అప్పుడిక బండి నడపొద్దు. పంపు మార్చి, ఆయిల్ మార్చాకే.

డయాఫ్రం చిరగడానికీ, వంతెన మీద తుమ్ముకీ మూలం ఒకటే కావచ్చు: ఈ20 పెట్రోలు, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది. అరవైలనాటి రబ్బరు ఇథనాల్‌ని తట్టుకోదు. యాక్సిలరేటర్ పంపు కప్పు గట్టిపడితే లీవర్ లాగిన అరక్షణానికి గానీ ధార పడదు. ఆ అరక్షణమే మీ బండి చచ్చిపడేది. ఇథనాల్‌కి తట్టుకునే కప్పున్న కిట్టు తెప్పించి వేయండి. రబ్బరు గొట్టాల మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని అచ్చు ఉండాలి.

ఇంకో సంగతి, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్లతో (పెట్రోలుని కొలిచి వదిలే కన్నాలతో) మిశ్రమం పలచబడుతుంది. రోచెస్టర్ మెయిన్ జెట్ మీద అంకె ఉంటుంది, అది కన్నం వ్యాసం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. 53 ఉంటే 55 వేయండి. వ్యాసం నాలుగు శాతం పెరిగితే పారే పెట్రోలు ఏడెనిమిది శాతం పెరుగుతుంది, లోటుకి అది సరిపోతుంది. జెట్లు మార్చే ముందు మాత్రం గాలి దొంగదారులు మూయండి. వాక్యూమ్ గేజ్ నిలకడ మీద 17 నుంచి 21 అంగుళాల మధ్య కదలకుండా నిలబడాలి. తక్కువగా ఉంటే కార్బురేటర్ పునాది నట్లూ, గొట్టాలూ చూడండి.

ఆషాఢంలో బండి నెలరోజులు నిలబడుతుంది కదా. సగం ట్యాంకుతో వదలకండి. ఖాళీ భాగంలోని తేమని ఇథనాల్ పీల్చుకుంటుంది, ఎక్కువైతే విడిపోయి అడుగుకి దిగుతుంది. నిండా కొట్టించి వదలండి, శ్రావణంలో తీసేటప్పుడు ఫిల్టర్ దగ్గర గాజు సీసాలోకి కొంచెం పట్టి చూడండి. రెండు పొరలుగా కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేయాల్సిందే.

ఉప్పుగాలి (నరసాపురం)

ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టేస్తే ఆవిరి గొడవే ఉండదు కదండీ?

బెల్లంపాకం (తణుకు)

చాలామటుకు తగ్గుతుంది, కానీ ముందు హీట్ రైజర్ చూశాకే. పెడితే 4 నుంచి 6 పీఎస్ఐ లోపుది, రిలేతో, ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారా పెట్టాలి. ఇంజిను ఆగితే పంపు కూడా ఆగాలి. నేరుగా ఇగ్నిషన్‌కి కలిపితే, ఆగిన బండిలో తాళం ఆన్‌లో వదిలిన రోజు పెట్రోలు పొంగి బానెట్ కింద నిప్పంటుకుంటుంది.

గోదారిగట్టు (అమలాపురం)

3 ఓమ్‌ల కాయిల్ వేశాం, పాయింట్లు కొత్తవి. హీట్ రైజర్ మూసుకునే బిగిసిపోయి ఉందండి, విడిపించి కట్టేశాం. పంపు కప్పు మార్చాం. ముమ్మిడివరంలో రెండు గంటల ఊరేగింపు ఆగకుండా నడిచింది. వంతెన మీద తుమ్ము పోయింది. కానీ రాత్రి మంచు పడ్డాక ఎక్కుడులో రేసు ఇస్తే ఇంకా టకటకమని ఒక మిస్సింగ్, పగలు లేదు.

పాయింట్‌గ్యాప్ (భీమవరం)

రాత్రి బానెట్ ఎత్తి, చీకట్లో ఇంజిను నడుపుతూ హైటెన్షన్ వైర్ల మీద స్ప్రే సీసాతో నీటి తుంపర కొట్టండి. నీలం గీతలు ఎక్కడ దూకితే అక్కడే. ముఖ్యంగా 5, 7 వైర్లు చూడండి. సీట్లో కూర్చున్నవాడి ఎడమవైపు వరసలో వెనక రెండు సిలిండర్లు అవి. ఫైరింగ్ వరస 1-8-4-3-6-5-7-2, అంటే పక్కపక్కనున్న 5, 7 వెంటవెంటనే పేలతాయి. ఆ రెండు వైర్లూ జంటగా ఆనుకుని పోతే 5 కరెంటు 7 లోకి కూడా దూకి, దాన్ని వేళకి ముందే పేలుస్తుంది. రెంటినీ వేరు చేసి, మధ్యలో ఇంకో వైరు వచ్చేలా క్లిప్పులో పెట్టండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే పోనివ్వొద్దు. మూత లోపల నల్లటి వెంట్రుకలాంటి గీతలుంటే తుడవడం దండగ, మూతా రోటరూ కలిపి మార్చండి.